గోడకు నాలుగడుగుల్లో వేప మొద్దు: గ్రైండర్ పెట్టించాలా, జేసీబీతో లాగించాలా? (గుంటూరు)

పట్టాభిపురం_ఇల్లు

నమస్కారమండి. గుంటూరు పట్టాభిపురంలో మా ఇంటి పడమటి సందులో ఉన్న పెద్ద వేపచెట్టును అనుమతి తీసుకుని కొట్టించాం. మొద్దు మాత్రం అలాగే ఉంది. కోసినచోట అడ్డం కొలత 24 అంగుళాలు. నేల దగ్గర వేర్ల ఉబ్బుతో కలిపి చూస్తే 36 అంగుళాలు. నేల మీద అడుగున్నర ఎత్తుంది. ఇంటి గోడ 4 అడుగుల దూరంలో, ప్రహరీ 2 అడుగుల దూరంలో ఉన్నాయి. సందులోకి వెళ్ళే గేటు వెడల్పు మూడున్నర అడుగులు. నేల నల్లరేగడి. ఇల్లు 2001లో కట్టారు, అప్పటికే చెట్టు పెద్దదే.

పెరట్లో ఇంకోటి ఉంది, కొబ్బరి మొద్దు. సంపుకు 3 అడుగుల దూరం. ఆ చెట్టు ఎండిపోకముందు కాండం అడుగుభాగంలో ఎర్రటి గోధుమరంగు బంక కారింది.

సందులో పేవర్ బ్లాకులు పరిచి బండ్లు పెట్టుకుందామని, వీలైతే ఒక రేకుల షెడ్డు వేసి దాని స్తంభం ఒకటి సరిగ్గా వేప మొద్దున్న చోటే దింపుదామని ఆలోచన. జేసీబీ అతను గంటలో లాగేస్తానంటున్నాడు, ప్రహరీ ఒక ప్యానెల్ తీసి దారి ఇమ్మంటున్నాడు. ఒకరు మొద్దును పొట్టుగా అరగదీసే గ్రైండర్ మిషన్ అంటున్నారు. మేస్త్రీ మాత్రం బెజ్జాలు పెట్టి ఇంగువ నింపితే మూడు నెలల్లో మట్టయిపోతుందంటున్నాడు. ఏది సరైనది? వేరు మళ్ళీ చిగురిస్తుందా? చెదలు ఇంట్లోకి వస్తాయా? అనుభవమున్నవాళ్ళు వివరంగా చెప్పండి.

ఆటోనగర్_మిషన్లు

కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి సూటిగా చెప్తాను. మొద్దు తీసేసిన చోట ఏం రాబోతోందన్నది ముందు తేల్చుకోండి. ఎంత లోతు తీయాలో, ఏ పద్ధతి పనికొస్తుందో దాన్నిబట్టే తేలుతుంది. పూలమొక్కలు, పచ్చిక అయితే నేల మట్టానికి 6 అంగుళాల కింద దాకా అరగదీస్తే చాలు. పేవర్లయితే 12 అంగుళాలు తీయించండి, ఎందుకంటే కింద గ్రావెల్ పొరకు చోటు కావాలి. స్తంభం సంగతి వేరు. గ్రైండర్ మొద్దు పైభాగాన్నే పొట్టు చేస్తుంది, తల్లివేరు కిందే ఉంటుంది. దాని మీద ఫుటింగ్ (స్తంభం కింది పునాది) వేయకూడదు.

మీ గేటు మూడున్నర అడుగులు కాబట్టి చేత్తో నడిపే చిన్న రకం లోపలికి వస్తుంది. వాటి వెడల్పు సాధారణంగా రెండున్నర, మూడు అడుగుల లోపే ఉంటుంది. 13 నుంచి 15 హెచ్‌పీ పెట్రోల్ ఇంజిను, ముందు ఒక ఇనుప చక్రం, దాని అంచున కార్బైడ్ పళ్ళు. ఈ సైజు మిషన్‌తో 36 అంగుళాల ఎండు వేప అంటే రెండు మూడు గంటల పని. పచ్చిగా ఉన్నప్పుడైతే త్వరగా తెగేది. కొట్టించి ఎన్నాళ్ళయినా సరే, ముందురోజు సాయంత్రం మొద్దు బాగా తడపండి. దుమ్ము తగ్గుతుంది.

అడుగున్నర ఎత్తు మీద మిషన్ ఎక్కించకండి. ముందు చైన్ సాతో నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తుకు కోయించాలి. కోసేముందు బెరడు మీది మట్టి, ఇసుక గునపంతో గీకి, ఇనుప బ్రష్‌తో తోమకపోతే చైన్ పదును రెండు నిమిషాల్లో పోతుంది. మొద్దు చుట్టూ రెండడుగుల మేర మట్టిని నాలుగు అంగుళాల లోతున చేత్తోనే తీసి, కంకరరాళ్ళు, పెంకులు, ఇటుక ముక్కలు ఏరేయండి. చక్రానికి రాయి తగిలితే పన్ను విరగడం ఒక నష్టం, ఆ రాయి ఎగిరి కిటికీ అద్దానికో మనిషికో తగలడం అంతకన్నా పెద్ద నష్టం. పాత వేపకు బట్టల తీగ కోసమనీ, దీపం కోసమనీ కొట్టిన మేకులు కండలోకి వెళ్ళిపోయి ఉంటాయి. ప్రహరీ పక్కన ఉన్న చెట్టయితే ముళ్ళకంచె తీగ కూడా ఉండొచ్చు. కోత మీద నీలం, నలుపు మరకలు కనిపిస్తే అక్కడ ఇనుము ఉన్నట్టే. ముందే తవ్వి పీకించండి.

అరగదీసే తీరు ఇది. మిషన్‌ను అంచున పెట్టి, చక్రాన్ని ఒకటి రెండు అంగుళాలు మాత్రమే దించి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నెమ్మదిగా ఊపుతారు. ఆ అంచు కావలసిన లోతుకు వచ్చాక రెండు మూడు అంగుళాలు ముందుకు జరుపుతారు. నడిమధ్యలో దించి గుంట చేయాలని చూస్తే చక్రం ఇరుక్కుని మిషన్ వెనక్కి తన్నుతుంది. ఇంజిన్ చప్పుడు బరువెక్కిందంటే ఎక్కువ దించారని అర్థం, వెంటనే పైకి లేపాలి. పెద్ద పొట్టు రావాల్సిన చోట సన్నటి పొడి వస్తుంటే పళ్ళు మొద్దుబారాయి. మిషన్ ఒకేలా అదురుతుంటే ఒక పన్ను విరిగి చక్రం బరువు తేడా వచ్చింది. పన్ను మార్చేటప్పుడు ఎదురుగా ఉన్నదాన్ని కూడా కలిపి మార్చాలి, బోల్టు కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. చక్రం తిరుగుడు తగ్గినా ఇంజిన్ మామూలుగానే మోగుతుంటే బెల్టు జారుతోందన్నమాట. పొగ, వాసన వచ్చేదాకా ఆగొద్దు. ఎండు వేప పొడికి ఎయిర్ ఫిల్టర్ తొందరగా నిండుతుంది, గంటకోసారి దులపాలి.

పొట్టు గుంటలో పేరుకుంటే చక్రం ఎక్కడ తగులుతోందో కనపడదు. పావుగంటకోసారి ఇంజిన్ ఆపి పారతో లాగేయండి. మీ మొద్దుకు 3 అడుగుల వెడల్పు, అడుగు లోతు అంటే దాదాపు 7 ఘనపుటడుగుల కట్టె, మట్టి. పొట్టయ్యాక రెండున్నర రెట్లు ఉబ్బుతుంది. పదమూడు, పద్నాలుగు సిమెంటు సంచులు సిద్ధం చేసుకోండి. దాన్ని ఎక్కడ పోయాలన్నది పని మొదలయ్యే ముందే మాట్లాడుకోకపోతే మీ సందులోనే కుప్ప మిగులుతుంది.

సైట్_ఇంజినీర్_గుంటూరు

పైన చెప్పిన మిషన్ వివరాలతో నాకు పేచీ లేదు. అయితే ఈ ప్రశ్నలో అసలు బరువైన మాట "ఇల్లు 2001లో కట్టారు, అప్పటికే చెట్టు పెద్దదే" అన్నది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. పెద్ద వేప ఏళ్ళ తరబడి ఆ మట్టిలోని తడిని లాగేస్తూ ఉంటుంది కాబట్టి, మీ పునాది ఎండి కుంగి ఉన్న నేల మీద పడింది. ఇప్పుడు చెట్టు లేదు. రాబోయే వానాకాలాల్లో ఆ నేల తడి తాగి మెల్లగా పైకి లేస్తుంది. గోడ ఆ పక్క మాత్రమే లేస్తే కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్ళు వస్తాయి, తలుపులు బిగుసుకుంటాయి. ఇది ఒకటి రెండు వానాకాలాల్లో తేలొచ్చు, లోతైన రేగడిలో ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. అదే ఇల్లు ముందు, చెట్టు తర్వాత అయివుంటే నేల తన పాత మట్టానికి చేరుకుంటుంది కాబట్టి భయం తక్కువ.

మొద్దు అరగదీయడం వల్ల ఈ ఉబ్బు రాదు. చెట్టు కొట్టిన రోజునే అది మొదలైంది. మొద్దు తీసే పద్ధతి దాన్ని ఎక్కువ చేయకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది. జేసీబీ వద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే. పెద్ద గుంట తవ్వి వదిలేస్తే గోడకు నాలుగడుగుల్లో వాన నీళ్ళు నిలిచే తొట్టి తయారవుతుంది. పైగా వేప పక్కవేర్లు మీ పునాది కిందికీ, ప్రహరీ కిందికీ వెళ్ళి ఉంటాయి. బకెట్‌తో లాగినప్పుడు వేరు ఒక్కటే రాదు, దాని మీదున్న రాతికట్టు కూడా కదులుతుంది. బండి వెడల్పే ఏడడుగుల పైన ఉంటుంది, మీ సందు మొత్తం తొమ్మిదడుగులు. చెయ్యి తిప్పడానికి చోటెక్కడుంది? ప్రహరీ ప్యానెల్ కూల్చినా పని శుభ్రంగా జరగదు. ఖాళీ స్థలమై, గోడలు పాతిక అడుగుల దూరంలో ఉంటే జేసీబీయే మేలు, మొద్దు వేర్లతో సహా వచ్చేస్తుంది.

గుంట పూడ్చేటప్పుడు ఇసుక పోయకండి. రేగడి మధ్యలో ఇసుక గుంట అంటే చుట్టుపక్కల నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. వేప పొట్టు తిరిగి గుంటలో వేసి పైన మట్టి కప్పడం ఇంకా చెడ్డది, అది కుళ్ళేకొద్దీ పేవర్లు దిగిపోతాయి. పేరేచర్ల వైపు నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ తెప్పించి, ఆరంగుళాల పొరగా వేసి, ముద్ద కట్టేంత తడి మాత్రమే ఇచ్చి దిమ్మిసతో కొట్టించండి. ఆపైన రెండో పొర. 7 ఘనపుటడుగుల గుంటకు వదులు గ్రావెల్ 9 నుంచి 10 ఘనపుటడుగులు పడుతుంది.

పేవర్ల ఆలోచన మంచిదే, సిమెంటు గచ్చు కన్నా చాలా నయం. నేల కదిలితే నాలుగు బ్లాకులు తీసి మట్టం సరిచేసుకోవచ్చు. స్కూటర్లకు 60 మిల్లీమీటర్ల మందం చాలు, కారు ఎక్కుతుందంటే 80 వేయించండి. గోడ వెంబడి కనీసం రెండున్నర అడుగుల మేర నీళ్ళు బయటికి పోయే వాలు ఉండాలి, 40 అంగుళాలకు ఒక అంగుళం చొప్పున. డాబా మీది నీటి గొట్టం ఆ సందులోనే దిగుతుంటే దాని చివర కాలువలోకి కలపండి. ఇప్పుడే ఇంటి గోడ మీద ఉన్న పగుళ్ళ చివర్లకు పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన తేదీ, వెడల్పు రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత పెరిగాయో లేదో వాదన లేకుండా తెలుస్తుంది. సున్నం, పుట్టీ వేసి కప్పేయొద్దు, పగులు కదలిక ఆగాకే మరమ్మతు.

స్తంభం విషయం: అక్కడ వద్దు. తల్లివేరు కుళ్ళాక కింద ఖాళీ ఏర్పడుతుంది, చుట్టూ నేల ఉబ్బుతుంది. ఒకే ఫుటింగ్‌కు రెండూ తగలడం మంచిది కాదు. నాలుగైదు అడుగులు పక్కకు జరిపి, రేగడికి తగ్గట్టు అండర్ రీమ్డ్ పైలు (అడుగున ఉబ్బు ఉండే లోతైన కాంక్రీటు పునాది స్తంభం) వేయించండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం ప్రకారం ఇలాంటి నేలలో దాని పొడవు 3.5 మీటర్లకు తగ్గకూడదు, కింది ఉబ్బు వ్యాసం కాండానికి రెండున్నర రెట్లు ఉంటుంది. మామూలు రేకుల షెడ్డుకు ఇంత ఎందుకని మేస్త్రీ అంటాడు. స్తంభం లేచిందంటే రేకు నట్లు ఊడి, షెడ్డు ఇంటి గోడను లాగుతుంది. స్తంభమే లేకుండా గోడల మీద బ్రాకెట్లతో వేయగలిగితే ఇంకా తేలిక, కానీ ప్రహరీ ఆ బరువుకు తగినదా అన్నది ఎవరైనా వచ్చి చూడాలి.

బెజవాడ_ప్లంబింగ్

మిషన్ వచ్చే ముందు నేల కింద ఏముందో తెలుసుకోవాలి. సందుల్లోనే అన్నీ ఉంటాయి: మున్సిపల్ మంచినీటి గొట్టం, డ్రైనేజీ, బోరు మోటారు కేబుల్, ఇంటి ఎర్తింగ్ పైపు. డ్రైనేజీ చాంబర్ల మూతలు రెండూ తీసి ఒకదాన్నుంచి ఇంకోదానికి దారం లాగండి, గొట్టం ఆ గీత కిందే ఉంటుంది. లోతు కూడా చాంబర్లోనే కొలవొచ్చు. పాత ఇళ్ళలో సిమెంటు, చీనామట్టి గొట్టాల అతుకుల్లోకి వేప వేళ్ళు దూరి లోపల జడలా పెరుగుతాయి. చాంబర్లో వేళ్ళు కనిపిస్తే మొద్దు తీసే పనిలోనే ఆ ముక్క పీవీసీకి మార్చేసుకోండి, మళ్ళీ పేవర్లు పీకే అవసరం ఉండదు.

అనుమానమున్న చోట రెండడుగుల లోతు పరీక్ష గుంట పారతో తీయాలి, గునపం పోట్లు వేయకూడదు. మంచినీటి గొట్టం మొద్దుకు అడుగున్నర లోపల పోతుంటే గేటు వాల్వ్ కట్టేసి, గొట్టాన్ని బయటపెట్టి, మధ్యలో చెక్క అడ్డం పెట్టాకే గ్రైండర్ మొదలుపెట్టించండి. బోరు కేబుల్‌కు ఫ్యూజు తీసేయండి. ఎర్తింగ్ గుంట ప్రహరీ వారనే ఉండడం మామూలు. అక్కడి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పట్టీ తెగితే ఇల్లంతా ఎర్తు లేకుండా పోతుంది, అది ఎవరికీ వెంటనే తెలియదు. పని అయ్యాక ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి కొలిపించాలి.

విజయవాడలో పైపు గ్యాస్ ఉన్న వీధుల్లో అయితే ప్రహరీ బయటినుంచి మీటరు దాకా వచ్చే గొట్టం ఎక్కడ పోతుందో ఆ సంస్థ మనిషిని పిలిచి గుర్తు పెట్టించుకోకుండా ఏ మిషనూ దించకూడదు. ఇంకో తేడా కూడా చెప్పాలి. కృష్ణలంక, పటమట వైపు ఒండ్రు, ఇసుక నేలలు. తవ్వడం తేలిక, గుంట పక్కలు కూలడమూ తేలికే. మొగల్రాజపురం, గుణదల కొండల అంచున ఇళ్ళకు వేర్లు రాళ్ళను చుట్టుకుని పెరుగుతాయి, అక్కడ గ్రైండర్ పళ్ళు నిలవవు. అలాంటి చోట కూలీలతో తవ్వించడమే దారి.

పట్టాభిపురం_ఇల్లు

అందరికీ ధన్యవాదాలండి. స్తంభం ఆలోచన అక్కడ మానుకుంటున్నాం. చాంబర్ల మధ్య దారం లాగి చూశాం. డ్రైనేజీ మొద్దుకు రెండున్నర అడుగుల దూరంలో, రెండడుగుల లోతున పోతోంది. పునాది వైపు పోయిన లావు వేరు ఒకటి పైకే కనిపిస్తోంది, సుమారు ఐదంగుళాలు. దాన్నేం చేయాలి? ఇంగువ, చిగుళ్ళు, కొబ్బరి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

సైట్_ఇంజినీర్_గుంటూరు

ఆ వేరును లాగొద్దు, తవ్వుకుంటూ పునాది కిందికి పోవొద్దు. మొద్దు అంచు నుంచి అడుగున్నర దాకా గ్రైండర్ తోనో రంపంతోనో పేవర్ల మట్టానికి కిందికి తీసేసి, మిగతాది అక్కడే కోసి వదిలేయండి. రాతికట్టు కింద మిగిలిన ఐదంగుళాల వేరు నెమ్మదిగా కుళ్ళినా దానివల్ల కలిగే కుంగుడు స్వల్పం. బయటికి లాగితే మాత్రం అక్కడే సొరంగం ఏర్పడి, వాననీరు నేరుగా పునాది కిందికి పోతుంది. కోసిన చివర దగ్గర గ్రావెల్ గట్టిగా దట్టించండి.

తోటపని_తెనాలి

ఇంగువ గురించి ముందు. కొట్టేసిన మొద్దును ఇంగువ మట్టి చేయదు. కట్టెను కుళ్ళబెట్టేది బూజు, చెదలు, తడి. వేప కట్టె చేవ గలది, మూడు నెలల్లో అది మట్టి కావడం జరిగే పని కాదు. బెజ్జాల్లో సూరేకారం నింపి తడుపుతూ ఉంటే కుళ్ళు కాస్త వేగమవుతుంది గానీ అప్పుడూ ఏళ్ళ లెక్కే. కిరోసిన్, యాసిడ్, ఉప్పు పోయించొద్దు. ఆ మట్టిలో మళ్ళీ ఏదీ పెరగదు, ఉప్పు పునాది ఇనుముకూ చేటు. నిప్పు పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఎండిన వేరు లోపలే రాజుకుంటూ పోయి ఎక్కడో కేబుల్ దగ్గర తేలుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందు పూద్దామనుకునేవాళ్ళకు: 2022 అక్టోబరు నుంచి పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప దాని వాడకాన్ని కేంద్రం నిషేధించింది. సొంతంగా కొని పూయకండి. మీ పనికి అది అవసరం కూడా లేదు.

వేప చిగురిస్తుంది. మొద్దు నుంచీ చిగురిస్తుంది, దెబ్బతిన్న పక్కవేరు నుంచీ పిలకలు లేస్తాయి. మొద్దు 12 అంగుళాల లోతుకు పోయాక మిగిలిన వేర్లలో ఉన్న పిండిపదార్థంతోనే ఆ పిలకలు వస్తాయి. అరచెయ్యంత ఎదగకముందే, ఆకు విప్పుతుండగానే పట్టి పీకేస్తూ ఉండాలి. వారానికోసారి చూస్తే కొన్ని నెలల్లో వేరు అలసిపోతుంది. ఆకులు ముదరనిస్తే వేరుకు మళ్ళీ తిండి పెట్టినట్టే. కానుగ, సుబాబుల్, కోనోకార్పస్ కూడా ఇలాగే మొండివి. కొబ్బరి, తాటి మాత్రం తల నరికితే ఇక చిగురించవు.

మీ కొబ్బరి విషయంలో కాండం అడుగున బంక కారిందన్నారే, అది గానోడెర్మా తెగులు లక్షణం. మొద్దు అడుగున గొడుగులాంటి గట్టి పుట్టగొడుగు మొలిచిందేమో చూడండి, ఉంటే ఖాయం. ఈ తెగులు మట్టిలో వేరు నుంచి వేరుకు పాకుతుంది. కాబట్టి కొబ్బరిని గ్రైండ్ చేయించకండి, పొట్టుతో పాటు తెగులు పెరడంతా చిమ్ముతుంది. పైగా కొబ్బరి పీచు చక్రం ఇరుసుకు చుట్టుకుని బేరింగులు పాడుచేస్తుంది, మిషన్ వాళ్ళు కూడా ఇష్టపడరు. దాన్ని తవ్వి తీయడమే తేలిక. తల్లివేరు లేదు, చిటికెన వేలంత వేర్లు వందలుగా ఉంటాయి. మొద్దు చుట్టూ రెండడుగుల దూరంలో గాడి తీసి, పలుగుతో వేర్లు తెంపుకుంటూ రెండున్నర, మూడు అడుగులు దిగితే ఇద్దరు మనుషులకు ఒక పూట పని. తీసిన దుంపను, వేర్లను ఎండబెట్టి ఊరి బయట కాల్పించాలి. పెరట్లో మూలన పడేస్తే కుళ్ళిన కొబ్బరి మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, వీధిలో ఉన్న మిగతా కొబ్బరిచెట్ల మొవ్వులకు అదే చేటు. మీకు గానీ పక్కింటివాళ్ళకు గానీ ఇంకో కొబ్బరి ఉంటే దానికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలు బూజు) కలిపి పాదులో వేసి తడపండి. ఆ గుంటలో మళ్ళీ కొబ్బరి పెట్టొద్దు. అరటి, మామిడి, జామ ఏదైనా పెట్టుకోవచ్చు, సంపుకు దూరంగా.

సంపు పక్కన తవ్వేరోజు నీళ్ళు సగానికి తగ్గించి ఉంచండి. బయట మట్టి ఆసరా తీసేసినప్పుడు నిండు నీళ్ళ ఒత్తిడి గోడ మీదే పడుతుంది. గుంట తెరిచి రాత్రంతా వదలకుండా అదే రోజు పూడ్చేయండి.

వేప పొట్టు మంచి సరుకే, పారేయకండి. పచ్చిగా మట్టిలో కలిపితే అది కుళ్ళడానికి నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్కల ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. మట్టి మీద రెండు మూడు అంగుళాల పొరగా పరచడం మేలు, మొక్క మొదలుకు నాలుగంగుళాల దూరం వదలాలి. కంపోస్టు చేయాలంటే 100 కిలోలకు అర కిలో యూరియా, పేడనీళ్ళు కలిపి తడిగా ఉంచండి. ఇంటి గోడకు ఆనించి మాత్రం పోయొద్దు, చెదలకు నిచ్చెన వేసినట్టవుతుంది.

సైట్_ఇంజినీర్_గుంటూరు

చెదల ప్రశ్నకు నేను కలుపుతాను. చెదలకు కావలసింది తడి తగిలిన చచ్చిన కట్టె. మొద్దు పోతే ముప్పావు వంతు భయం పోయినట్టే. మిగిలిన వేర్ల కోసం, గుంట పూడ్చేముందు అడుగూ పక్కలూ తడిసేలా ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ మందు కొట్టించండి. లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం లెక్కన మీ గుంటకు ఏడెనిమిది లీటర్లు సరిపోతుంది. రేగడిలో మెల్లగా ఇంకుతుంది, ఒకేసారి కుమ్మరించకుండా రెండు మూడు విడతలుగా పోయండి. బోరు గానీ బావి గానీ దగ్గరుంటే ఆ మందు వద్దు. వేరు ముక్కలు వీలైనంత ఏరించి, గ్రావెల్ దట్టించి, ఏటా ఒకసారి ప్లింత్ (నేలపైకి కనిపించే పునాది కట్టు) వెంబడి చెదలు మట్టి గొట్టాలు కడుతున్నాయేమో చూసుకోవడం చాలు.

ఆటోనగర్_మిషన్లు

బేరం మాట్లాడేటప్పుడు గుర్తుపెట్టుకోవలసినవి చెప్పి వదిలేస్తాను. రేటు ఎప్పుడూ నేల దగ్గరి కొలతకు కడతారు, మీ లెక్కలో అది 36 అంగుళాలు. మీరు 24 అని చెబితే వచ్చాక గొడవ. లోతు 12 అంగుళాలని నోటితో కాదు, కాగితం మీద రాయించుకోండి, పని అయ్యాక టేపు పెట్టి చూడండి. లేకపోతే నేలమట్టానికి నాలుగంగుళాలు తీసి పొట్టు కప్పేసి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. చైన్ సా కోత, కనిపించే పక్కవేర్లు, పొట్టు ఎత్తడం, పళ్ళు విరిగితే ఖర్చు ఎవరిది, ఇవన్నీ రేటులో ఉన్నాయా లేవా అడగండి. డ్రైనేజీ రెండడుగుల లోతున ఉందన్నారు కాబట్టి 12 అంగుళాల దాకా భయం లేదు, కానీ ఆ గీత మీద సున్నంతో గుర్తు పెట్టి మిషన్ మనిషికి చూపించండి. ఆ వైపు చక్రం ఇంకా లోతుకు దించకూడదు.

పనిరోజున కిటికీల వైపు, ప్రహరీ మీదుగా పక్కింటి వైపు నాలుగడుగుల ప్లైవుడ్ షీట్లు నిలబెట్టండి. ఖాళీ స్థలంలో అయితే మనుషులు 50 అడుగుల దూరం ఉండాలంటారు, సందులో అది కుదరదు కాబట్టి అడ్డుగోడలే రక్ష. పై అంతస్తువాళ్ళ కిటికీలు మూయించండి, బండ్లు తీయించండి, పిల్లలను లోపల ఉంచండి. నడిపే మనిషికి ముఖం మొత్తం కప్పే షీల్డు, చెవులకు మఫ్స్, ముందు ఇనుప టోపీ ఉన్న బూట్లు ఉండాలి. మెడలో తువ్వాలు, లుంగీ ఉంటే మిషన్ పట్టుకోనివ్వకండి. తువ్వాలు చక్రానికి చిక్కితే మనిషిని కూడా లాక్కుంటుంది. పీచో వేరో చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు పీకాకే చెయ్యి పెట్టాలి.

పట్టాభిపురం_ఇల్లు

చివరి ప్రశ్న. ఇప్పుడే చేయించాలా, వానలు అయ్యేదాకా ఆగాలా?

ఆటోనగర్_మిషన్లు

రేగడిలో జూలై నుంచి అక్టోబరు దాకా మిషన్ చక్రాలు దిగబడతాయి, బంకమట్టి పొట్టుకు అంటుకుని కట్టర్ గార్డు (చక్రం మీది కవచం) పూడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేల బీటలు వారి గట్టిపడుతుంది, ఎండిన వేప కట్టె చక్రం పళ్ళను అరగదీసేస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పై మట్టి ఆరి, లోపల కాస్త తడి ఉన్నప్పుడు అనువు. అప్పటిదాకా మొద్దు చిగుళ్ళు గిల్లుతూ ఉండండి, కొబ్బరిది మాత్రం ఆగకుండా ఈ వారమే తవ్వించేయండి.